పిండి అయిపోయింది!

"పిండి అయిపోయిందండీ!"

ఈ మాట విని ఎన్నాళ్ళయిందో ఒక్కసారి జ్ఞాపకం చేసుకోండి. ఉదయం తొమ్మిదిన్నరవేళ, పెనం మీద నీళ్ళు చిలకరించి, చీపురుతో ఓ తుడుపు తుడిచేసి, పొయ్యిలో కట్టెలు వెనక్కి లాగుతూ, మన మొహం కేసైనా చూడకుండా హోటలాయన అనేవాడు. వినగానే మనకి ఒళ్ళు మండేది. డబ్బులిచ్చి తింటానంటే లేదంటాడేవిటి, ఎంత పొగరు వీడికి, అని గొణుక్కుంటూ సైకిలెక్కేవాళ్ళం.

ఇప్పుడా పొగరు మా జంగారెడ్డిగూడెంలో మచ్చుకైనా లేదు. ఏ హోటలుకి వెళ్ళండి, ఏ వేళకి వెళ్ళండి, ఏం అడగండి, "ఉందండీ" అంటారు. ఈ "ఉందండీ" మీద నాకు కొంతకాలంగా పీకలదాకా కోపంగా ఉంది. ఆ కోపం ఎక్కడ పుట్టిందో చెబితే నవ్వుతారు. అమెరికాలో, ఒక బర్గర్ల కొట్టు ముందు పుట్టింది.

మావాడు కాలిఫోర్నియాలో ఉంటాడు. అక్కడికి వెళ్ళినప్పుడు లాస్ ఏంజిలిస్ చూపిస్తానని పిల్లాజెల్లాతో సహా కారెక్కించాడు. దారి పొడుగునా బాదం తోటలు, లేకపోతే బోడికొండలు. మధ్యలో ఒకచోట వేలకొద్దీ ఆవుల్ని దొడ్లలో పెట్టి మేపుతున్నారు. అద్దాలు మూసుకున్నా ఆ వాసన కారులోకి వచ్చి కూచుంది. అది దాటాక ఎండ నడినెత్తి మీదికొచ్చేవేళకి కెటిల్‌మన్ సిటీ అనేచోట ఆపాడు. పేరుకి సిటీయే గాని జనాభా వెయ్యీ పైచిలుకు. మా మండలంలో ఏ ఊరైనా దానికి అన్నగారే. కాని ఆ కొట్టు ముందు జనాన్నీ కార్లనీ చూసేసరికి మంగళవారం నాటి మద్ది ఆంజనేయస్వామి గుడి జ్ఞాపకం వచ్చింది. కొట్టు పేరు ఇన్-ఎన్-అవుట్. ఎదురుగా రెండు తాటిచెట్ల వంటివి ఒకదాని మీదికొకటి వాలి, ఎక్కం పుస్తకంలో ఇంటూ గుర్తులా ఉన్నాయి. చుట్టూ ఆయిల్‌పామ్ తోటలున్న ఊరివాణ్ణి, చెట్లకి కత్తెర వెయ్యడం మాత్రం ఎక్కడా చూళ్ళేదు. ఏమిట్రా ఇది అంటే, 1963లో వచ్చిన ఒక హాస్య చిత్రంలో చెట్ల కింద నిధి పాతిపెట్టి ఉంటుందిట. ఈ కొట్టు పెట్టినాయనకి ఆ సినిమా అంటే ప్రాణంట. అందుకని కొట్ల ముందు చెట్లు ఇలా నాటించాడుట. సరే, ఎవరి పిచ్చి వారికి ఆనందం.

లోపలికి వెళ్ళి బోర్డు చూశాను. మూడు రకాల బర్గర్లు, వేయించిన బంగాళాదుంప ముక్కలు, తాగడానికి పాల షేకులూ కూల్‌డ్రింకులూ. మిగతా బోర్డంతా ఖాళీ గోడ.

"మిగతా బోర్డేదిరా?" అన్నాను.

"అంతే నాన్నా."

"కోడి?"

"లేదు."

"చేప? ఐస్‌క్రీం?"

"లేవు నాన్నా."

"మరీ జనమంతా దేనికొచ్చారురా?"

"ఆ మూడింటికే!"

పెద్దమాంసం మా ఇంటావంటా లేదు. కనక ఆ మూడూ నాకు పనికిరావు. అప్పుడు మా మనవడు చెవిలో చెప్పాడు, బోర్డు మీద లేని మెనూ ఒకటుంది తాతయ్యా అని. నాకు ఉత్సాహం వచ్చింది, చాటుగా బిర్యానీ ఏమైనా అమ్ముతున్నారేమోనని. తీరా చూస్తే అదీ అవే సరుకులు. మాంసం తీసేసి ఉత్త జున్నుబిళ్ళలు కరగబెట్టి రొట్టెలో పెడితే గ్రిల్డ్ చీజ్. రొట్టె తీసేసి లెట్యూస్ ఆకులో చుట్టి ఇస్తే ప్రొటీన్ స్టైల్. ఆకులో వడ్డించుకు తినే జాతివాణ్ణి, ఆకునే నమిలేసేవాళ్ళని చూసి కాసేపు తెల్లబోయాను. ఉల్లిపాయలు ఎర్రగా వేయించి, పచ్చళ్ళూ సాసులూ దండిగా పట్టిస్తే యానిమల్ స్టైల్. ఇది 1961 నుంచీ ఉందిట. మృగాల పద్ధతి అని ఎందుకన్నారో గాని, తింటున్నవాళ్ళని చూస్తే పేరు సార్థకమే అనిపించింది. ఎన్ని పేర్లు పెట్టినా వంటింట్లోకి కొత్త సరుకు ఒక్కటీ రాలేదని గమనించండి. ఇది మళ్ళీ అవసరపడుతుంది.

నా జున్ను రొట్టె వచ్చేలోగా వంటింటి కేసి చూస్తూ నిలబడ్డాను. చాటేమీ లేదు, అంతా కనబడుతూనే ఉంది. తెల్ల కాయితం టోపీ పెట్టుకున్న కుర్రాడొకడు ఒలిచిన బంగాళాదుంపని ఇనప చట్రంలో పెట్టి పిడి ధనామని కిందికి లాగుతున్నాడు. అటు దుంప, ఇటు ముక్కలు. ముక్కలు తిన్నగా నూనెలోకి. వీళ్ళ కొట్లలో గడ్డ కట్టించే ఫ్రీజర్లు లేవు, మైక్రోవేవ్ పొయ్యిలు లేవు. సొంత గోదాముల నుంచి ఒక్క రోజు ప్రయాణంలో సరుకు అందేచోట తప్ప కొట్టు పెట్టరు. నిజం చెప్పొద్దూ, ఆ దుంప ముక్కలు అయిదు నిమిషాలకే మెత్తబడి వేలాడిపోయాయి. మా ఇంట్లో బంగాళాదుంప వేపుడు ముందు దిగదుడుపే. గ్లాసు ఖాళీ చేసి అడుగు చూద్దును కదా, యోహాను 3:16 అని అచ్చేసి ఉంది. బైబిల్లో వాక్యం సంఖ్య. పప్పన్నం తిన్నాక కంచం అడుగున భగవద్గీత శ్లోకం నెంబరు కనిపించినట్టు!

ఈ కొట్టు సంగతి కాస్త చెప్పాలి. 1948 అక్టోబరులో హేరీ స్నైడర్, ఎస్తర్ అనే భార్యాభర్తలు లాస్ ఏంజిలిస్ దగ్గర బాల్డ్‌విన్ పార్క్‌లో మొదలెట్టారు. పదడుగులకి పదడుగుల పాక. కారు దిగకుండా మైకులో చెప్పి కొనుక్కునే ఏర్పాటు. సరిగ్గా ఆ ఏడే, అక్కడికి కొద్ది దూరంలోని శాన్ బెర్నార్డినోలో మెక్‌డొనాల్డ్ అన్నదమ్ములు తమ హోటలు మూసేసి, మెనూలో చాలా భాగం కొట్టేసి, తొమ్మిదంటే తొమ్మిది రకాలతో మళ్ళీ తెరిచారు. ఇద్దరూ ఒకే నక్షత్రంలో పుట్టారన్నమాట. తరవాత ఆ అన్నదమ్ముల పేరు ఊరూరా అద్దెకిచ్చే వ్యాపారమైంది. ఇవాళ ప్రపంచంలో నలభై వేల పైచిలుకు కొట్లు. 1996లో ఢిల్లీకొచ్చి, మనకోసం ఆవుమాంసం మానేసి, ఆలూ టిక్కీని బన్నులో పెట్టి అమ్మింది. ఎక్కడికి వెళ్తే అక్కడి మాట వింటుంది, ఏదడిగితే అది కలుపుతుంది. గొప్ప వ్యాపారమే, కాదనను.

స్నైడర్ గారు మాత్రం కదల్లేదు. పేరు అద్దెకివ్వలేదు. 1963లో రెండు బిళ్ళల బర్గరు ఒకటి కలిపారు, అదే మహా సాహసం. 1976లో ఆయన పోయేనాటికి, ఇరవై ఎనిమిదేళ్ళ వ్యాపారానికి, ఉన్న కొట్లు 18. ఇప్పుడు నాలుగొందలు దాటాయి, ఇంకా ఆ కుటుంబం చేతిలోనే ఉన్నాయి. ఇంటికి తెచ్చిపెట్టే కంపెనీ ఒకటి తమని అడక్కుండా తమ బర్గర్లు మోసుకెళ్తోందని 2015లో కోర్టుకి కూడా ఎక్కారు. అమ్ముడుపోతున్నందుకు దావా వేసినవాళ్ళని మీరెక్కడైనా చూశారా?

వాళ్ళనేమీ నేను నెత్తినెక్కించుకోవడం లేదు. ఆ ఆవుల వాసన ఇంకా నా ముక్కులోనే ఉంది. ఇంజన్లు ఆపకుండా బారులు తీరిన కార్లూ, గుట్టలు పడ్డ కాయితాలూ చూశాను. శాకాహారికి జున్ను రొట్టె ఒక్కటే గతి. ఇవన్నీ ఉన్నాయి. అయినా, "లేదు" అని చెప్పి డెబ్భై అయిదేళ్ళ పైన బతికిన కొట్టుని చూశాక మా ఊరు తిరిగొచ్చి ఇక్కడి బోర్డులు చదివితే నాకు అన్నం సయించడం మానేసింది.

ఏవిటండీ ఆ బోర్డులు! ఇండియన్, చైనీస్, తందూరీ, మొగలాయీ, అరేబియన్ మండీ, షవర్మా, పిజ్జా, బర్గర్. కింద చిన్నక్షరాలతో, టిఫిన్లు కూడా దొరుకును. ఓ ఆదివారం నాడు ఒక ఫ్యామిలీ రెస్టారెంటుకి వెళ్ళాం. కుర్రాడు అట్టపుస్తకం తెచ్చిచ్చాడు. పనిలేక లెక్కపెట్టాను, 146 వచ్చాయి. పనీరు ఒక్కదానికే పదిహేడు అవతారాలు. మహావిష్ణువుకే పదితో సరిపోయింది! అందులో బర్గరూ ఉంది. అడిగితే "ఉందండీ" అన్నాడు. వచ్చింది. బన్ను చల్లగా ఉంది. లోపలి ఆలూ బిళ్ళ వేడిగా ఉంది. బిళ్ళ కొరికితే నడిమధ్య మళ్ళీ చల్లగా, ఐసు పలుకులు పంటి కింద కరకరమన్నాయి. ఎప్పుడు, ఏ ఊళ్ళో, ఎవరి చేత్తో తయారైన బిళ్ళో!

ఆ కుర్రాణ్ణి ఏమీ అనలేదు. తప్పు వాడిది కాదు, లెక్కది. ఆ పూట ఆ హాల్లో నాలుగు బల్లల వాళ్ళం ఉన్నాం. వంటవాళ్ళు ఇద్దరు. రకాలు 146. ఏ రోజూ ఎవరూ అడగని రకాలు వందైనా ఉంటాయి. కాని ఎవరైనా అడిగితే "ఉందండీ" అనాలి గదా! అంటే ఎవరూ అడగని వందా ఎప్పుడూ సిద్ధంగా ఉండాలి. ఎలా ఉంటాయి? పెట్టెలో ఉంటాయి. పొద్దున్నే మూడు డేకిసాల్లో ఎర్రగుజ్జు, తెల్లగుజ్జు, పసుపుగుజ్జు చేసిపెట్టుకుంటారు. పిలుపునిబట్టి దేంట్లో ఏది పడెయ్యాలో పడేసి, పైన కొత్తిమీర జల్లితే పదిహేడు అవతారాలూ పూర్తి. మెనూ ఎంత పొడుగో ఫ్రిజ్జు అంత లోతు. 2024 అక్టోబరు ఆఖర్లో తెలంగాణ ప్రభుత్వం పచ్చిగుడ్లతో చేసే మయోనీసుని ఏడాదిపాటు నిషేధించింది, జనం ఆస్పత్రుల పాలవుతుంటే. ఆ తెల్ల ముద్ద మా ఇళ్ళల్లో ఏనాడైనా ఉందా? షవర్మా వెనకాలా, బర్గరు వెనకాలా వచ్చింది. వాటి వెనకాల రావలసినవి, ఎప్పటికప్పుడు కొయ్యడం, నిలవ పెట్టకపోవడం, మన గుమ్మం దాకా రాలేదు. మనం బన్ను దిగుమతి చేసుకున్నాం గాని దాన్ని అమ్మేవాడి మొండితనం విమానం ఎక్కలేదు.

పోనీ, ఆ మొండితనం మనకి కొత్తదా? ఆత్రేయపురంలో కుండ మీద రేకు తీసే ఆడవాళ్ళు రేకే తీస్తారు. 2023లో పూతరేకులకి ఆ ఊరి పేరు మీద భౌగోళిక గుర్తింపు వచ్చిందంటే, ఆ ఊరు మధ్యలో నూడుల్సు వైపు చూడకపోవడం వల్లే. అంబాజీపేటలో పొట్టిక్కలు పనసాకుల బుట్టల్లో ఉడకాల్సిందే, స్టీలు గిన్నెల్లో పోస్తే ఇడ్లీ అంటారు గాని పొట్టిక్క అనరు. తాపేశ్వరం వెళ్ళినవాడు మడతకాజా కోసం వెళ్తాడు. మావి మెట్ట ప్రాంతాలు, మాకంత పేరున్న పిండివంట లేదు. కాని ఒక పెసరట్టు ఉండేది.

ఇక్కడికి రాకుండా తప్పించుకుందామని ఇందాకట్నించీ అమెరికా అంతా తిప్పాను మిమ్మల్ని. ఇక తప్పదు.

బోసుబొమ్మ సెంటరుకి కాస్త ఎడంగా, ఒక సందులో, రేకుల పాకలో ఒకాయన పెసరట్లు పోసేవాడు. ఊరంతా బాబాయి అనేవారు. నాకంటే చిన్నవాడే, అయినా నేనూ బాబాయే అనేవాణ్ణి. ఆయనకొచ్చినవి రెండే, పెసరట్టూ ఉప్మా. కావాలంటే దీంట్లో దాన్ని పెట్టి మడిచి ఇచ్చేవాడు, అది మూడోది. పక్కన అల్లప్పచ్చడి. మీరు ఇడ్లీపిండిని రాత్రి రుబ్బి పులియబెట్టుకోవచ్చు. పెసరపిండికి ఆ ఓపిక లేదు. పొట్టుతో పెసలు నానబోసి, గుప్పెడు బియ్యం, అల్లం, పచ్చిమిరపకాయలు వేసి, రుబ్బింది రుబ్బినట్టు పోసెయ్యాలి. నిలవుంటే పులుస్తుంది, ఆ పచ్చిపెసర కమ్మదనం పోతుంది. అందుకని మొగుడూ పెళ్ళాం తెల్లవారుజామునే లేచి, ఆ పూటకెంత పోతుందో అంతే రుబ్బేవారు. తొమ్మిదిన్నరకి గిన్నె అడుగు కనబడేది. "పిండి అయిపోయిందండీ!"

ఆ మాట నాలాంటి పెద్దమనుషులకి నచ్చలేదు. రోజూ బల్ల మీద కూచుని హితబోధ చేసేవాణ్ణి. "ఇంత చెయ్యి పెట్టుకుని ఈ పాకలోనే ఉండిపోతావా బాబాయ్? కాలం మారుతోంది. నాలుగు రకాలు పెట్టు. సాయంత్రాలు నూడుల్సూ బర్గర్లూ పెడితే కాలేజీ కుర్రాళ్ళు వస్తారు" అని.

"అయ్యన్నీ మనకి రావండి మాస్టారూ" అనేవాడు.

"వచ్చినవాణ్ణి పెట్టుకో."

"ఆయ్, అంతేనంటారా?"

అంతేనన్నాను. ఊరికే అనడం కాదు, నా చేతి దస్తూరీతో మెనూ రాసిచ్చాను. అరవైనాలుగు రకాలు. కళలు కూడా అన్నే కదా అని జోకు కూడా వేశాను. బాబాయి అప్పుచేసి రోడ్డు మీదికి కొట్టు మార్చాడు. పెద్ద ఫ్రీజరు కొన్నాడు. ఎక్కణ్ణించో వంటవాడొకణ్ణి తెచ్చాడు. నెలా రెణ్ణెల్లు జనం విరగబడ్డారు. పొద్దున్నించి రాత్రిదాకా పెసరట్టు దొరకాలి కనక పిండి బేసిన్లకి బేసిన్లు రుబ్బి ఫ్రిజ్జులో పెట్టారు. అట్టు పుల్లబడింది. రోజూ తినేవాళ్ళు ఒక్కొక్కరే తగ్గారు. ఎవరి సంగతో ఎందుకు, మొదట మానేసింది నేనే. "రుచి తగ్గింది బాబాయ్" అని మొహమ్మీద చెప్పి మరీ మానేశాను. ఏడాదిన్నర తిరక్కుండా ఫ్రీజరు సగం ధరకి అమ్మేసి, కొట్టు ఖాళీ చేసి, కొడుకు దగ్గరికి హైదరాబాదు వెళ్ళిపోయారు ఇద్దరూ.

ఈ మాట మావాళ్ళతో అంటే వాదనకొస్తారు. "మాస్టారూ, మీరు అభివృద్ధికి అడ్డం. అమెరికావాడికి నాలుగొందల కొట్లున్నాయి కనక లేదంటే చెల్లింది, చిన్నవాడు లేదంటే చస్తాడు" అంటారు. అయ్యా, 1948లో వాడిదీ పదడుగుల పాకే. మా బాబాయి పాక అంతకంటే రెండు బల్లలు పెద్దది. వాడు మొండికేసినప్పుడు వాడి దగ్గరా నాలుగొందల కొట్లు లేవు. తేడా బల్లకి ఇవతల కూచున్నవాళ్ళలో ఉంది. అక్కడ కారులో బారు తీరినవాడు కోడి ఏదని నిలదియ్యడు. మన ఇంటిల్లిపాదీ హోటలుకి వెళ్తే ఒకడికి నూడుల్సు కావాలి, ఒకడికి బిర్యానీ కావాలి, పెద్దావిడకి ఉల్లిపాయ లేని అట్టు కావాలి, చంటాడికి బర్గరు కావాలి, అన్నీ ఒకే బల్ల మీద పదినిమిషాల్లో కావాలి. ఒక్కటి లేదంటే "ఇంకో హోటలుకి పోదాం పదండి" అని కుర్చీలు బరబర లాగుతాం. ఈ పిల్లలే ఇంట్లో వాళ్ళమ్మ బెండకాయ కూర ఒక్కటే చేస్తే నోరు మూసుకుని తింటారు. ఆవిణ్ణి ఎవరూ అట్టపుస్తకం అడగరు. ఇప్పుడు సెల్‌ఫోనులో వేలు ఆడిస్తే ఊళ్ళో హోటళ్ళన్నీ గుమ్మంలోకొస్తాయి. ఫోనులో బొమ్మల జాబితా పొడుగ్గా లేనివాడి కేసి వేలే ఆగదు. ఇంత ఆరాటంలో ఒక్క పెసరట్టువాడు ఏ ధైర్యంతో లేదంటాడు?

వచ్చినవాణ్ణి పంపెయ్యడం వ్యాపార లక్షణం కాదంటారు. మరి పుల్లబడ్డ పిండితో అట్టు పోసివ్వడం ఏ లక్షణం? రేపు పొద్దున్నే రండి అనడం కంటే మర్యాద ఇంకేముంది?

మొన్న బాబాయికి ఫోను చేశాను. నెంబరు సంపాదించడానికి నాలుగు రోజులు పట్టింది. క్షేమ సమాచారాలయ్యాక, ఏదో పాపం కడుక్కుందామని, కెటిల్‌మన్ సిటీ కథంతా పూసగుచ్చినట్టు చెప్పాను. మూడే రకాలనీ, ఫ్రీజరు లేదనీ, కుర్రాడు దుంపల్ని కళ్ళెదుట కోస్తున్నాడనీ. ఆయన ఊ కొడుతూ విన్నాడు.

"ఆ అరవైనాలుగూ నేను రాయకుండా ఉండాల్సింది బాబాయ్" అన్నాను చివరికి.

"మీరు రాసేరు, నేను గోడకి అంటించేను, పోనిద్దురూ" అన్నాడు. కాసేపు ఆగి, "ఒకటడుగుతానండి మాస్టారూ. అక్కడ పిండి అయిపోతే కొట్టు కట్టేస్తారాండీ?"

నేను నీళ్ళు నమిలాను. అబద్ధం ఆడబుద్ధి కాలేదు. "లేదు బాబాయ్. పొద్దున్న పదిన్నరకి తీస్తే అర్ధరాత్రి దాటి ఒంటిగంట దాకా తెరిచే ఉంటుంది. శుక్ర శనివారాలైతే ఒంటిగంటన్నర."

"అయితే పాపం వాళ్ళకీ నిద్ర లేదన్నమాట" అన్నాడు బాబాయి.